మాడుతోందని చెప్పే కుక్కర్

బిగ్ హోల్ లోయ, మోంటానా
జూలై

అత్తయ్యగారికి,

కొరీన్ రాస్తున్నాను. ఇక్కడ వేడ్, నేను, కుక్క, ఆవులు అందరం క్షేమం. కూర ఒక్కటే క్షేమంగా లేదు.

నిన్న గడ్డికోత మొదలైంది. పొరుగింటి డెల్బర్ట్, ఆయన కొడుకులు, వాగవతలి వాళ్ళు అందరూ పొద్దున్నే దిగారు. ఎవరి గడ్డి కోస్తే ఆ ఇంట్లోనే మధ్యాహ్నం భోజనం అని వేడ్ చెప్పాడు. ఇది మీకు చెప్పాలా! నాకే చెప్పాలి. బిల్లింగ్స్ పట్నంలో డబ్బా సూపు వేడి చేసుకుని పెరిగినదాన్ని.

మీరు చెప్పిన బీఫ్ కూరే మొదలుపెట్టాను. మీ ఇనప కుండ కోసం అటకంతా వెతికితే, మీరు నిప్పు కాపలా పనికి వెళ్తూ దాన్ని కొండ మీదికి పట్టుకెళ్ళారని తెలిసింది. అల్మరాలో మీరు అట్టపెట్టెలో పెట్టి వదిలేసిన కరెంటు కుక్కర్ కనిపించింది. సరే, అదే దించాను. ముక్కలకి మైదా పట్టించి ఎర్రగా వేయించాను, చిక్కటి టొమాటో గుజ్జు పోశాను, బాగా కలిపాను, మూత పెట్టాను. కాసేపు బుసబుసలాడింది. ఉన్నట్టుండి కూకూ అని అరిచి, ముందున్న అద్దం మీద ఎర్రక్షరాలతో 'మాడుతోంది' అని చూపించి, తనంతట తానే ఆగిపోయింది! అది ఆగిపోతే నేనేం చెయ్యాలో మాత్రం చెప్పదు. ఆవిరి పోయేదాకా మూత రాదు. వచ్చాక చూస్తే పైన ముక్కలు పచ్చి, అడుగున బొగ్గు.

ఎండలో పనిచేసి వచ్చిన మగవాళ్ళకి రొట్టె, వేరుశనగ వెన్న పెట్టాను. డెల్బర్ట్ చేతులు కడుక్కుంటూ, "ఏమమ్మాయ్, ఆల్మా తన వంటని పెట్టెలో పెట్టి తాళం వేసుకుని కొండెక్కిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపలికెళ్ళి ఏడ్చాను.

ఇంకొకటి. మీరు కొండ దిగాక ఈ ఇంటికి రాకుండా చలికాలమంతా డిలన్ ఊళ్ళో గది అద్దెకు తీసుకుంటారని వేడ్ అన్నాడు. ఎందుకో తనకీ తెలియదట. నేను వచ్చి ఏడాది కూడా కాలేదు. నా వల్లేనా? నాకు ఏమీ అర్థం కావడం లేదు.

మీ కోడలు
కొరీన్


ఓల్డ్ సోల్జర్ కొండ, నిప్పు కాపలా మంచె
జూలై

కొరీన్‌కి,

నీ ఉత్తరం ఓరిన్ తన కంచరగాడిదల మీద బియ్యం, కిరసనాయిలుతో పాటు తెచ్చాడు. ఇక్కడున్న రేడియోలో కూర సంగతి మాట్లాడితే అడవి డిపార్ట్‌మెంటు మొత్తం వింటుంది. అందుకని ఉత్తరాలే గతి.

కూరకి మైదా బాగా పట్టించాలి. భయపడి చల్లితే పట్టదు. టొమాటో పోశాక అడుగు నుంచి బాగా కలుపు. కూర ఎంత చిక్కగా ఉండాలంటే గరిటె నిలబడాలి. అలా లేకపోతే కోతవాళ్ళు దాన్ని సూపు అంటారు. నా పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు నాకు చెప్పింది ఇదే, నేను నీకు చెప్పేదీ ఇదే.

అయినా ఇదెక్కడి కుక్కర్! మాడుతోందని తెలిసినప్పుడు మాడకుండా చూసుకోవచ్చుగా. చెప్పి చేతులు దులుపుకోవడమేనా?

డెల్బర్ట్ మాటలు పట్టించుకోకు. వాడి పెళ్ళిలో కేకు కూడా వాడికి వంక పెట్టడానికే పనికొచ్చింది.

ఇనప కుండ నాకు అలవాటు, తెచ్చుకున్నాను. అంతకంటే ఏమీ లేదు. చలికాలం సంగతి చలికాలంలో చూద్దాం.

ఇక్కడ అంతా నిశ్శబ్దం. పొద్దున్నించీ నాలుగు వైపులా చూడటమే పని. ఓరిన్ గదిలోకి రాగానే ముక్కు మూసుకుని, "ఏం తగలబెట్టావు తల్లీ, కొండకి నిప్పంటుకుందనుకుని పరిగెత్తుకొచ్చాను!" అన్నాడు. ఎగతాళి మనిషి. రొట్టె కాస్త నల్లబడింది అంతే.

ఆల్మా


బిగ్ హోల్ లోయ
జూలై

అత్తయ్యగారికి,

మీరు చెప్పినట్టే చేశాను. మైదా దండిగా పట్టించాను. అడుగు నుంచి చెయ్యి నొప్పెట్టేలా కలిపాను. గరిటె నిలబడింది. నేను చప్పట్లు కొట్టాను. మూత పెట్టి అటు తిరిగానో లేదో మళ్ళీ కూకూ, మళ్ళీ 'మాడుతోంది'!

ఆ మర్నాడు నీళ్ళు ఎక్కువ పోశాను. మాడింది. మంట తగ్గిద్దామంటే దానికి మంటే లేదు. మాంసం తగ్గించాను. మాడింది. కలపకుండా వదిలేశాను, కాస్త ఆలస్యంగా మాడింది. అంటే కలపడం వల్లే మాడుతోందా? కలపకపోతే మాడుతుందని కదా మనందరం చిన్నప్పటి నుంచీ విన్నది! మీరు కలపమంటారు, కుక్కర్ వద్దంటుంది. ఎవరి మాట వినాలి?

పోనీ పొయ్యి మీద మామూలు గిన్నెలో వండుదామంటే, ఇంత ఎత్తున్న లోయలో నీళ్ళు తొందరగా మరుగుతాయి గానీ మాంసం ఉడికి చావదు. తెల్లారి పెట్టినా మధ్యాహ్నానికి తోలులా సాగుతోంది. మీ ఇనప కుండలో ఎలా ఉడికేదో మీకే తెలియాలి.

ఇప్పుడు అసలు సంగతి. డెల్బర్ట్ భార్య నడీన్ వచ్చింది. నా చెయ్యి పట్టుకుని చాలా ప్రేమగా, "పోనీ ఈ ఏడాది కోత భోజనం మా ఇంట్లో పెట్టేస్తాలే, నువ్వు శ్రమపడకు" అంది. తల కొట్టేసినట్టయింది. మీ పెళ్ళయినప్పటి నుంచీ ఈ ఇంట్లో కోత భోజనం ఒక్కసారి కూడా ఆగలేదట, మామయ్యగారు పోయిన ఏడాది కూడా. నా చేతిలోకి రాగానే పొరుగింటికి వెళ్ళిపోవాలా? ఇంకొన్నాళ్ళు చూడమని బతిమాలుకున్నాను.

వేడ్ ఏమో "నాకు రొట్టె చాలు" అంటాడు. అతనికి చాలు. ఆ బల్ల దగ్గర నాకు చోటుండాలి కదా. అది అతనికెలా చెప్పను?

ఏదో ఒకటి రాయండి. తొందరగా రాయండి.

కొరీన్


ఓల్డ్ సోల్జర్ కొండ
ఆగస్టు

కొరీన్‌కి,

నడీన్‌కి ఇవ్వకు. ఆమె ఉప్పు వెయ్యదు. ఏళ్ళ తరబడి వెయ్యలేదు, ఇప్పుడు వేస్తుందా?

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నాకూ ఏమీ తోచలేదు. నేను ఇనుము మీద వండినదాన్ని. కుండ అడుగు ఎప్పుడు పట్టుకుంటుందో అదే చెబుతుంది, మనం కదుపుతాం. ఈ కుక్కర్ మూత బిగించుకుని కూర్చుంటుంది. లోపలేం జరుగుతోందో కనబడదు. కాబట్టి నా మాట దానికి పనిచెయ్యకపోవచ్చు. కలపమని నేనే చెప్పాను కాబట్టి కలపొద్దని కూడా నేనే చెబుతున్నాను. ఇంతకంటే తెలియదు.

అడుగు నల్లగా ఉందా, గోధుమరంగా? అంచున మొదలవుతోందా, మధ్యలోనా? కళ్ళతో చూసి రాయి. మూత రబ్బరు ఒక పక్క వదులుగా ఉంటుంది, వేలితో నొక్కి చుట్టూ సరిగ్గా కూర్చోబెట్టు. లేకపోతే ఆవిరి పక్కనుంచి పోయి నీళ్ళు ఇంకిపోతాయి.

పడమటి గట్టు మీద పిడుగు పడింది. సన్నటి పొగ లేచింది, చూసి కబురు పంపాను, కుర్రాళ్ళు వెళ్ళి ఆర్పేశారు. ఆ పనికి నేను ఇంకా పనికొస్తాను.

ఆల్మా


బిగ్ హోల్ లోయ
ఆగస్టు

ఆల్మా గారికి,

మూత రబ్బరు వదులని మీకెలా తెలుసు?

నేను రాయలేదు. నాకే తెలియదు. మీ ఉత్తరం చదివి వెళ్ళి నొక్కి చూస్తే నిజంగానే ఒక పక్క లేచి ఉంది. అప్పుడు అనుమానం వచ్చి లోపలి గిన్నె బయటికి తీసి, వెనక్కి తిప్పి వెలుతురులో పెట్టి చూశాను. గిన్నె బయట అడుగునా, దాన్ని పెట్టే పళ్ళెం మీదా నల్లగా మాడి గట్టిపడిన పొర. లోపల అడుగున కూడా గోధుమరంగు పొర, నేను రోజూ తోముతున్నా పోనిది. అది గిన్నె రంగే అనుకున్నాను! అడుగున అంత మాడు పేరుకుని ఉంటే ఆ కుక్కర్ ఏం వండినా మాడుతోందనే అంటుంది, పాపం. అది నిజమే చెబుతోంది. మాడింది ఇవాళ్టిదా, ఎప్పటిదా అని దానికేం తెలుసు?

అంటే దాన్ని మీరు వాడారు. పాడు చేశారు. మళ్ళీ అట్టపెట్టెలో సర్ది, మీ మంచి కుండ మీరు పట్టుకుని, ఇది నాకు వదిలేశారు. ఒక్క మాట చెప్పలేదు. పైగా మైదా పట్టించు, కలుపు, గరిటె నిలబెట్టు అని ఉత్తరాలు!

ఆ మగవాళ్ళ ముందు నేను నవ్వులపాలు కావాలనేనా? మీ తర్వాత ఈ వంటింట్లో ఎవరూ నిలబడలేదని అందరూ చెప్పుకోవాలనేనా? అలాగైతే డిలన్‌లో గది ఎందుకు, నన్నే పంపెయ్యండి.

ఓరిన్ గుమ్మంలో ఉన్నాడు. ఇది ఇచ్చేస్తున్నాను.

కొరీన్


బిగ్ హోల్ లోయ
ఆగస్టు

అత్తయ్యా,

ఆ ఉత్తరం వెనక్కి తెచ్చుకుందామని కారేసుకుని దారి మొదటిదాకా వెళ్ళాను. ఓరిన్ అప్పటికే కొండెక్కేశాడు. ఇది వచ్చే వారం మీకు అందుతుంది. ఈలోగా మీరు నన్ను తిట్టుకుంటూ ఉంటారు. తిట్టుకోండి. కానీ ఇది చివరిదాకా చదవండి.

కోపంలో ఆ గిన్నెని ఒక పట్టు పట్టాను. వంట సోడా వేసి, వెనిగర్ పోసి, నీళ్ళు మరిగించి నానబెట్టాను. చెక్క గరిటెతో గీకితే పెచ్చులు పెచ్చులుగా వచ్చింది. ఒక్కసారి మాడితే వచ్చే పొర కాదది. మాడిన దాని మీద మళ్ళీ మాడింది, దాని మీద ఇంకోసారి. ఆ పెచ్చుల్లో చిక్కుడు గింజల తొక్కలున్నాయి. నేను ఇంతవరకూ చిక్కుడు గింజలు వండలేదు.

మీరు ఒకసారి మాడిస్తే నమ్ముతాను. అన్నిసార్లు మాడ్చేదాకా ఊరుకోవడమేంటి? ఆ కంపుకి ఎవరైనా ఒక్కసారికే పరిగెత్తుకొస్తారు.

వేడ్‌ని అడిగాను. "ఫిబ్రవరిలో అమ్మ వంటింటి కిటికీలన్నీ తెరిచి పెట్టేది. బయట గడ్డకట్టే చలి. నేను కొట్టం నుంచి వచ్చి మూస్తే మళ్ళీ తెరిచేది. ఆ పెద్ద జ్వరం తగ్గాక ఏదో మార్పు వచ్చిందనుకున్నాను" అన్నాడు. అప్పుడు మేమిద్దరం పైన గదుల్లోనూ కొట్టంలోనూ ఉండేవాళ్ళం. మీరు వంటింట్లోకి రానిచ్చేవారు కాదు. నా మీద అయిష్టం అనుకున్నాను.

మీ ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఓరిన్ ముక్కు మూసుకున్నాడు, మీరు మూసుకోలేదు. ఆ రొట్టె బొగ్గయ్యేదాకా మీరు దాని పక్కనే ఉన్నారు. అడుగు ఎలా ఉందో కళ్ళతో చూసి రాయమన్నారు. వాసన ఎలా ఉందని మాత్రం ఒక్కసారీ అడగలేదు. నాకు వంట రాదు గానీ మాడు సంగతి ఎవరినడిగినా మొదట అడిగేది అదే.

అత్తయ్యా, మీకు వాసన తెలియడం లేదా?

కొరీన్


ఓల్డ్ సోల్జర్ కొండ
ఆగస్టు చివర

కొరీన్,

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి వచ్చాయి. ఓరిన్ మొదటిది సంచిలో పెట్టి మరిచిపోయాడట, దేవుడు చల్లగా చూడాలి వాణ్ణి. రెండోది ముందు చదివాను. మొదటిది తర్వాత చదివి నవ్వుకున్నాను.

తెలియడం లేదు. జనవరిలో ఆ జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచీ. ముందు జలుబు అనుకున్నాను. కాఫీ పొడి డబ్బా మూత తీసి లోపల మొహం పెట్టాను. ఏమీ లేదు. ఉల్లిపాయ కోశాను, కళ్ళలో నీళ్ళు వచ్చాయి, అంతే. రుచి కూడా పోయింది. ఉప్పు, పులుపు తెలుస్తాయి, మిగతాదంతా ఒకటే.

ఒకరోజు ఇనప కుండలో చిక్కుడు గింజలు పెట్టి, పక్క గదిలో అల్లుకుంటూ కూర్చున్నాను. కుక్క అరుస్తుంటే విసుక్కున్నాను. అది నా గౌను పట్టి లాగింది. లేచి చూస్తే వంటింటి నిండా పొగ, పొయ్యి మీద వేలాడుతున్న తువ్వాలు అంచు కాలుతోంది. పిల్లా, మీరిద్దరూ పైన పడుకుని ఉన్నారు.

కిటికీలు తెరిచి వాసన పోయిందో లేదో తెలియక రోజంతా అలాగే ఉంచాను. మర్నాడు డిలన్ వెళ్ళి, మాడితే అక్షరాలతో చెప్పే కుక్కర్ ఒకటి ఉందంటే కొన్నాను. అది నీకోసం కాదు. నాకోసం. కళ్ళున్నాయి కదా, చదువుకుంటాను అనుకున్నాను. అది మొదటి రోజునుంచీ 'మాడుతోంది, మాడుతోంది, మాడుతోంది' అనే చూపించింది. నేను ఎలా వండినా అదే మాట. ఆ యంత్రం కూడా నన్ను చూసి నవ్వుతోందనిపించింది. తుడిచి పెట్టెలో పెట్టేశాను. నువ్వు చిన్నదానివి, నీకు లొంగుతుందనుకున్నాను. గిన్నె వెనక అంత మాడు ఉందని నాకూ తెలియదు. తెలియజేసే ముక్కు లేదు.

ఎందుకు చెప్పలేదంటావా? ఈ లోయలో నన్ను అందరూ దేనికి తలుచుకుంటారు? నా కూరకి. అది పోయిందని ఏ మొహం పెట్టుకుని చెప్పను! ఈ మంచె పనికి ముక్కు అక్కర్లేదు, కళ్ళు చాలు. అందుకే ఒప్పుకున్నాను. డిలన్ గదిలో పొయ్యి ఉండదు. నిన్ను వదిలించుకోవడానికి కాదు, మీ ఇల్లు తగలబెట్టకుండా ఉండటానికి.

ఇనప కుండ ఎందుకు తెచ్చానో తెలుసా? వానొస్తే చూరు కింద పెట్టి నీళ్ళు పట్టుకుంటున్నాను. ఇంట్లో ఉంటే మళ్ళీ వండబుద్ధేస్తుందని తెచ్చేశాను.

వేడ్‌కి చెప్పు. డెల్బర్ట్‌కి చెప్పకు.

ఆల్మా


బిగ్ హోల్ లోయ
సెప్టెంబరు

అత్తయ్యా,

కోత భోజనం నడీన్ ఇంటికి వెళ్ళలేదు.

గిన్నె శుభ్రం చేశాక ముందు ఉత్తి నీళ్ళు పోసి చూశాను. నోరు మూసుకుని మరిగింది. కుక్కర్ పాడవలేదని తేలింది. ఆ ధైర్యంతో మళ్ళీ కూర మొదలుపెట్టాను. మైదా పట్టించలేదు, క్షమించండి. ముక్కలు ఎర్రగా వేగాక తీసి పక్కన పెట్టి, అడుగున అంటుకున్నదాని మీద వేడి ఎముకల రసం పోసి చెక్క గరిటెతో నున్నగా గీకేశాను. మీరు మాడు అంటారే, అది కరిగి రసంలో కలిసిపోయింది, రుచి అంతా దాందే. అప్పుడు ముక్కలు, దుంపలు వేసి, టొమాటో అన్నిటికంటే పైన గుమ్మరించి వదిలేశాను. కలపలేదు! చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. మీరు కొండ మీద నుంచి చూస్తున్నారేమోనని భయం వేసింది. రబ్బరు నొక్కి మూత పెట్టాను. ఆవిరంతా పోయాక మూత తీసి, చివర్లో మైదా చన్నీళ్ళలో కలిపి పోసి ఒక పొంగు రానిచ్చాను. గరిటె నిలబడింది అత్తయ్యా. అడుగు తెల్లగా ఉంది.

డెల్బర్ట్ రెండోసారి వడ్డించుకుని, "ఆల్మా తాళంచెవి పంపినట్టుందే" అన్నాడు. "పంపారు, ఉత్తరంలో పెట్టి" అన్నాను. మూత రబ్బరు మాట మీరు రాయకపోతే నేను ఆ గిన్నె తిప్పి చూసేదాన్నే కాదు.

వేడ్‌కి చెప్పాను. కొట్టంలోకి వెళ్ళిపోయాడు. వచ్చాక, "అమ్మ కిటికీ తెరిస్తే నేను కసురుకున్నాను" అన్నాడు.

డిలన్‌లో గది వద్దు. నాకు వాసన తెలుస్తుంది గానీ ఎంత ఉప్పు, ఎంతసేపు, ఎప్పుడు దించాలి ఏమీ తెలియదు. మీకవన్నీ తెలుసు. పొయ్యి దగ్గర ఒక్కరుండి ఏం లాభం? ఈ ఏడాది మనిద్దరం చెరో సగమూ పాడు చేశాం కదా. మీరు బల్ల దగ్గర కూర్చుని నన్ను తిట్టండి, నేను వండుతాను. కిటికీలు మూసే ఉంచుతాను, నేనుంటాను కాబట్టి.

మీరు ఒప్పుకుంటున్నారో లేదో తెలియక నాకు అన్నం సహించడం లేదు. ఇదొక్కటైనా స్పష్టంగా రాయండి.

మీ కోడలు
కొరీన్


ఓల్డ్ సోల్జర్ కొండ
సెప్టెంబరు

కొరీన్ తల్లికి,

నిన్న మొదటి మంచు పడింది. అడవి తడిసింది, ఇక నిప్పు భయం లేదు, మంచె మూసేయమన్నారు. ఇనప కుండ ఓరిన్ గాడిద మీద ముందు వస్తుంది. తుప్పు పట్టింది, నూనె రాసి ఎండలో పెట్టు. అది నీది. నేను వెనకాలే నడిచి వస్తాను.

డిలన్ గది వద్దని వాళ్ళకి కార్డు రాసేశాను.

మైదా చివర్లో పోస్తావా! మా అత్తగారు వింటే లేచి వచ్చేది. సరే, అలాగే పోసుకో. నేను చూస్తూ ఊరుకుంటాను, లేదా ఊరుకోను.

నాకొక్క పని చేసి పెట్టాలి. నేను వచ్చిన రోజు ఆ కూరే వండు. నేను తింటున్నంతసేపూ నా పక్కన కూర్చుని, దాని వాసన ఎలా ఉందో చెబుతూ ఉండు. నేను తొందరగా తినను.

ఆల్మా